కథ ముందా, సిద్ధాంతం ముందా? - ‘మా భూమి’పై ఒక పరిశీలన

తెలంగాణ రైతాంగ పోరాటాన్ని చిత్రించిన ‘మా భూమి’ 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో రూపొందింది. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ దానికి నిర్మాతలు. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ దానికి ఆధారం. ఉర్దూ, తెలుగు భాషలు రెండింటినీ ఆదరించే మన కళాశాలకు ఈ చిత్రం ఆ విధంగానూ ఆత్మీయమైనదే.

ఇది కథ కాదు, ప్రచారమని కొందరి ఆక్షేపణ. దానితో మేము పూర్తిగా ఏకీభవించలేము. పేద రైతు కుమారుడు రామయ్య గ్రామం విడిచిపోవడానికి కారణం ఏ సిద్ధాంతమూ కాదు. తాను ప్రేమించిన చంద్రి దొర బలాత్కారానికి లోబడవలసి రావడమే. ఆ అవమానాన్ని సహించలేని రామయ్య ఆమెనే నిందిస్తాడు. అన్యాయానికి గురైనవాడు మరొక అభాగ్యురాలికి అన్యాయం చేస్తాడు. కేవలం ప్రచారమే ధ్యేయమైతే కథానాయకునికి ఇట్టి లోపాన్ని అంటగట్టరు.

అతనికి నగరంలో వెలుగు చూపినవాడు మఖ్బూల్ అనే కార్మిక నాయకుడు. రజాకార్ల దౌర్జన్యాలను చూపుతూనే, దోషం మతానిది కాదని చెప్పడానికి ఈ ఒక్క పాత్ర చాలు. పది ఉపన్యాసాలు చేయలేని పని ఒక స్నేహం చేసింది.

అయితే ఉత్తరార్ధంలో చరిత్ర వేగం పెరిగి మనుషులు వెనుకబడతారు. 1948 సైనిక చర్య తరువాతి ఘట్టాలలో రామయ్య వ్యక్తిగా కంటే ప్రతీకగానే మిగులుతాడు. అక్కడ సిద్ధాంతం కథను దాటిపోయిందని ఒప్పుకోక తప్పదు. అయినా మొత్తం మీద కథదే పైచేయి అని మా నిర్ణయం.

ఈ విచారణ మనకెందుకని ప్రశ్నించవచ్చు. 1940లో మన పలాసలోనే అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. ఆ సంవత్సరమే మందస జమీందారీ రైతుల పోరాటంలో గున్నమ్మ పోలీసు కాల్పులకు బలియైంది. ఆ వీరగాథను రేపు మన విద్యార్థులలో ఎవరైనా నాటకంగానో, చిత్రంగానో మలచవచ్చు. వారికి మా విన్నపం ఒక్కటే. ముందుగా గున్నమ్మ ఇంటిని, ఆమె పొలాన్ని, ఆమె భయాన్ని చూపండి. ఆమె మనిషిగా మన మనస్సులో నిలిచిన తరువాత నినాదం మనం వేరే నేర్వనక్కరలేదు. అది మన గొంతులోనే పుడుతుంది.