కొత్త గొలుసు, అరిగిన పళ్ళు

పోయిన శ్రావణ మాసంలో ఒక సాయంకాలం మా అమ్మాయిని సంగీతం పాఠం నుంచి ఇంటికి తీసుకొని వస్తున్నాను. సైకిలు మా నాన్నగారు 1974లో కొన్నది; నల్లని, ఎత్తైన, ఊచ బ్రేకుల సైకిలు. అమ్మాయి వెనుక క్యారియర్ మీద కూర్చున్నది. విజయవాడలో బందరు కాలువ మీది వంతెన ఎక్కేటప్పుడు, అలవాటు ప్రకారం, సీటు మీది నుంచి లేచి ఒక పెడలు మీద బరువంతా వేశాను. ‘టక్కు’మని చప్పుడైనది. కాలి కింద ఉండవలసిన పెడలు లేనట్లే కిందికి జారిపోయింది. మరుక్షణంలో ఇద్దరమూ రోడ్డు మీద ఉన్నాము. నాకు మోకాలు చెక్కుకుపోయింది. పదేళ్ళ పిల్లకు ఎడమ మణికట్టు ఎముక చిట్లింది. వెనుక వస్తున్న ఆటో అతను సమయానికి బ్రేకు వేయగలిగాడు. వేయలేకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ మనసొప్పదు.

లేచి చూస్తే గొలుసు తెగలేదు. తెగడానికి వీలూ లేదు. నాలుగు రోజుల క్రితమే బజారులో కొని, ఇంటి వరండాలో కూర్చొని, నా చేతులతో నేనే వేసిన కొత్త గొలుసు అది. దుకాణదారు ఫ్రీవీలు కూడా మార్చుకొమ్మని ఒక మాట అన్నాడు. అమ్ముకొనేవాడు అలాగే అంటాడులే అనుకొని, నూటయాభై రూపాయలు మిగుల్చుకొన్నానన్న తృప్తితో ఇంటికి వచ్చాను.

మర్నాడు సైకిలు నడిపించుకొంటూ మా వీధి మలుపులోని మేస్త్రీ దగ్గరకు వెళ్ళాను. అరవై దాటిన మనిషి. చెట్టు కింద ఒక పాత పెట్టె, గోడకు వేలాడే టైర్లు, పంక్చరు చూడడానికి నీళ్ళ తొట్టి, అదే ఆయన షాపు. నేను చెప్పినదంతా విని వెనుక చక్రం ఎత్తి పట్టుకొని పెడలు తిప్పాడు.

“గొలుసు ఒక్కటే మార్చారా బాబూ?”

“అవును మేస్త్రీ గారూ. అదే గదా అరిగింది.”

“పళ్ళ మీద వేలు పెట్టి చూడండి.”

చూశాను. ఫ్రీవీలు పళ్ళు రెండువైపులా సమానంగా లేవు. ఒక వైపు నిటారుగా నిలబడి, రెండో వైపు కోసుకొని పోయి, కొస ముందుకు వంగి కొక్కెంలాగా ఉన్నవి.

“ఇవి ముసలి గొలుసుకు అలవాటు పడిపోయినవి బాబూ. కొత్తది వీటి మీద కూర్చోదు. మామూలుగా తొక్కినంతసేపూ తిరుగుతుంది. బరువు పడ్డప్పుడు ఎక్కి దూకుతుంది.”

గొలుసు సాగుతుందని అందరమూ అంటాము. నిజానికి ఇనుము సాగదు. గొలుసులో ప్రతి కీలు దగ్గరా ఒక పిన్ను, దాని చుట్టూ ఒక చిన్న గొట్టం, ఆ గొట్టం మీద తిరిగే రోలరు ఉంటవి. ఈ అమరికను 1880లో మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ అనే ఇంజనీరు రూపొందించాడు. ఈనాటి సైకిలు గొలుసులన్నీ దాని సంతానమే. దుమ్ము, ఇసుక, వాన నీరు చేరి పిన్ను గొట్టంలో ఒరుసుకొంటుంటే ఒక్కొక్క కీలు దగ్గరా వెంట్రుకవాసి వదులు పుడుతుంది. నూరు పైచిలుకు కీళ్ళలో అదంతా కలిసి గొలుసు పొడవెక్కుతుంది. అలా దూరం దూరం జరిగిన రోలర్లు ఫ్రీవీలు పళ్ళను తమ కొత్త కొలతకు తగినట్లు కోసుకొంటవి. మా సైకిలుకు ముందు చక్రానికి 48 పళ్ళు, ఫ్రీవీలుకు 18. పెడలు ఒక చుట్టు తిరిగితే ఫ్రీవీలు రెండున్నర చుట్లకు పైగా తిరగాలి. అందువల్ల ముందరి పళ్ళకంటె వెనుకవి త్వరగా అరుగుతవి. అరిగిన పళ్ళూ అరిగిన గొలుసూ ఒకదానితో ఒకటి రాజీ పడి ఏళ్ళ తరబడి కాపురం చేస్తవి. ఆ కాపురంలోకి సరైన కొలతలున్న కొత్తదానిని తెచ్చిపెట్టినందువల్లనే నాకు ఆ రోజు వంతెన మీద పాఠం జరిగింది.

ఈ సంగతి నాకు అసలు తెలియదని చెప్పుకోగలిగితే బాగుండేది. నేను ఆంగ్ల సాహిత్యం చదివి, అనువాదాలు చేసుకొని బ్రతుకుతున్నవాణ్ణి. ఇరవై యేళ్ళ క్రితం, పుస్తకాలు చేతికి రాని రోజుల్లో, పేజీకి ఇంత అని మాట్లాడుకొని ఒక సైకిలు కంపెనీ వారి సూచనల పుస్తకాన్ని తెలుగు చేశాను. ఇంట్లో వెతికితే ఒక ప్రతి దొరికింది. తొమ్మిదో పేజీలో, నా తెలుగులో, ఇలా ఉన్నది: “శృంఖలమును మార్చునపుడు దంతచక్రముల అరుగుదలను విధిగా పరిశీలించవలెను.” శృంఖలమట! దంతచక్రమట! ఆ వాక్యం వ్రాసిన నాడు అరిగిన పన్ను ఎలా ఉంటుందో నేను చూచి ఎరుగను. చదివినవారికి మాత్రం ఏమి తెలిసి ఉంటుంది? చెయిన్ అనీ, ఫ్రీవీలు పళ్ళు అనీ వ్రాసి, ‘కొక్కెంలా వంగితే మార్చండి’ అని ఉంటే ఇరవై యేళ్ళ తరువాత కనీసం నాకైనా జ్ఞాపకం ఉండేది.

అరుగుదల కొలవడానికి ప్రత్యేకమైన పరికరం అవసరం లేదని మేస్త్రీ చూపించాడు. పిల్లలు బడికి తీసుకొని వెళ్ళే పన్నెండు అంగుళాల స్కేలు చాలు. గొలుసులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం సరిగా అర అంగుళం. గొలుసును బిగువుగా లాగి, ఒక పిన్ను నడిమి మీద సున్న పెట్టి లెక్కిస్తే, తరువాతి ఇరవైనాలుగో పిన్ను నడిమి సరిగా పన్నెండో అంగుళం మీద పడాలి. పదహారో వంతు అంగుళం దాటి పోతే గొలుసు మార్చే సమయం వచ్చిందన్నమాట. అప్పుడు మారిస్తే సాధారణంగా ఫ్రీవీలు నిలుస్తుంది. ఎనిమిదో వంతు దాటేదాకా ఊరుకొంటే ఫ్రీవీలును కూడా కలిపి మార్చవలసిందే. నా పాత గొలుసును చెత్తలో నుంచి తీసి కొలిస్తే ఎనిమిదో వంతును ఎప్పుడో దాటింది.

ఇక కొనే విషయం. మన దేశంలో సైకిలు విడిభాగాలకు పంజాబులోని లూధియానా పెట్టింది పేరు. అక్కడి చిన్నా పెద్దా కార్ఖానాల సరుకు దేశమంతటా దొరుకుతుంది. దొరకడం కష్టం కాదు, సరిపోయేది దొరకడం కష్టం. ఊడదీసిన పాత భాగాన్ని కాగితంలో చుట్టి వెంట తీసుకొని వెళ్ళండి. నోటితో చెప్పిన కొలతను నమ్మవద్దు. ముఖ్యంగా టైర్ల విషయంలో అంకెలు అనువాదకుణ్ణి మోసగించే మాటలలాంటివి. హిందీలో ‘ఉపన్యాస్’ అంటే నవల, మనకు ప్రసంగం. అక్కడ ‘శిక్షా’ అంటే చదువు, మనకు దండన. టైర్లలో ‘26’ కూడా అంతే. 26 × 1⅜ అని ఉన్న టైరు కూర్చొనే అంచు వ్యాసం 590 మిల్లీమీటర్లు. లావు టైర్లతో వచ్చే కొండసైకిళ్ళ ‘26’ది 559. రెండూ ఇరవయ్యారే, ఒకదాని రిమ్ము మీదికి రెండోది రాదు. మా నాన్నగారి సైకిలు టైరు 28 × 1½, దాని అంచు వ్యాసం 635. ఇప్పటి సన్నని టైర్ల సైకిళ్ళలో కొన్నింటిని కూడా 28 అనే అమ్ముతారు, వాటిది 622. పదమూడు మిల్లీమీటర్ల తేడాను ఏ టైరు లీవరూ పూడ్చలేదు. టైరు పక్కన చిన్న అక్షరాలతో 40-635 అనో 37-590 అనో అచ్చు వేసి ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండవది అంచు వ్యాసం. ఆ రెండవ అంకెను వ్రాసుకొని వెళ్ళినవారు తిరిగి బజారుకు పోనక్కరలేదు.

బిగించడంలో నేను చేసిన తప్పులు ఇంకా ఉన్నవి. చెయిన్ లాకుకు వేసే చిన్న స్ప్రింగు రేకు ఒక వైపు మూసి, ఒక వైపు చీలి ఉంటుంది. మూసిన వైపు గొలుసు నడిచే దిక్కుకు ఉండాలి. నేను తలక్రిందులుగా వేశాను. నడకలో దేనికైనా తగిలితే అది ఎగిరిపోయేదేనని మేస్త్రీ అన్నాడు. బ్రేకు షూలకూ అదే న్యాయం: రిమ్ము కదిలే దిక్కుకు షూ మూసిన కొస ఉంటే రబ్బరు దానిలోకి ఒత్తుకొంటుంది, తిరగేసి వేస్తే గట్టిగా బ్రేకు పట్టిన నాడే రబ్బరు ఊడి బయటికి వస్తుంది. ఎడమ పెడలు మరలు ఎదురు మరలు. మామూలు పద్ధతిలో తిప్పితే ఊడడానికి బదులు ఇంకా బిగుస్తుంది. పానా పైకి నిలబెట్టి, ముందు చక్రం వైపు లాగితే రెండు పెడళ్ళూ బిగుస్తవి, వెనుకకు లాగితే రెండూ ఊడతవి. కాటర్ పిన్నును నట్టుతో లోపలికి లాగకూడదు. క్రాంకు కింద దిమ్మ పెట్టి సుత్తితో కొట్టి కూర్చోబెట్టిన తరువాతనే నట్టు బిగించాలి. నాలుగు రోజులు తొక్కిన తరువాత మరొకసారి బిగించాలి. ఈ పని మాత్రం చేయి తిరిగినవారికే వదిలిపెట్టడం నయం; నేను వదిలిపెట్టాను.

మాటల్లో నేను, చదువుకొన్నవాడి అలవాటు కొద్దీ, రైటు సోదరుల ప్రస్తావన తెచ్చాను. 1903లో వారు ఎగురవేసిన విమానంలో ఇంజను నుంచి పంకాలకు శక్తి అందించినవి గొలుసులూ పళ్ళ చక్రాలే. ఆ చక్రాలు ఇరుసుల మీద మాటిమాటికీ వదులైపోతుంటే చివరకు సైకిలు టైర్లను రిమ్ముకు అంటించే జిగురు పోసి నిలబెట్టారు. మేస్త్రీ పానా పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు. “సొల్యూషనా బాబూ?” అని నవ్వి, “వాళ్ళూ మనవాళ్ళే అయితే,” అన్నాడు.

కొత్త ఫ్రీవీలు వేయడానికి పాతది ఊడదీయాలి గదా. తొక్కిన ప్రతి తొక్కుడుకూ అది బిగుసుకొంటూనే ఉంటుంది; ఎన్ని ఏళ్ళ బిగువో అది! రెండు గాడులలో సరిపోయే సాధనం అమర్చి, దానిని పెద్ద పానాతో పట్టుకొని ఇద్దరం కలిసి తిప్పితే గాని కదలలేదు. తరువాత గొలుసు వేసి, నడుమ వేలితో ఎత్తితే సుమారు అర అంగుళం ఆడేటట్లు వెనుక చక్రాన్ని సర్ది, ఇరుసు నట్లు బిగించాడు. పెడలును పూర్తిగా ఒక చుట్టు త్రిప్పి, ఎక్కడా మరీ బిగియడం లేదని చూచిన తరువాతే సైకిలు నా చేతికిచ్చాడు.

అమ్మాయికి శిరస్త్రాణం కూడా కొన్నాము. గడ్డం కింద పట్టీకి రెండు వేళ్ళు మాత్రమే పట్టేటట్లు బిగించాలి. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదానిని, పైకి పగులు కనిపించకపోయినా, మళ్ళీ వాడకూడదు. ఆ సాయంకాలం పిల్ల తలకు ఏదీ లేదు. దెబ్బ చేతితో పోయింది.

కట్టు విప్పిన తరువాత కొన్నాళ్ళు అమ్మాయి సైకిలు ఎక్కనన్నది. నేను బలవంతపెట్టలేదు. ఒక ఆదివారం గొలుసుకు నూనె పూస్తుంటే తానే వచ్చి స్కేలు తెచ్చి ఇచ్చింది. కొలవడం ఎలాగో అడిగి నేర్చుకొన్నది. ఇప్పుడు నెలకొకసారి ఆ పని తనదే. పిన్నులు పైకి లెక్కపెడుతుంది, నమ్మకం లేక మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. పోయిన ఆదివారం ఇరవైనాలుగో పిన్ను పన్నెండు మీదనే ఉన్నది. వంతెన దగ్గర మాత్రం ఇప్పటికీ ఇద్దరమూ దిగి నడుస్తాము.