99 శాతం సరే, అరికాలి మాటేంటి?

మనవాళ్ళు నలుగురు చేరినచోట స్కిన్ కేన్సర్ మాటెత్తి చూడండి. "అది తెల్లవాళ్ళ రోగం బాబూ, మనకెందుకొస్తుంది?" అని ఎవరో ఒకరు కొట్టిపారేస్తారు. ఈమధ్య దీనికి ఇంకో ధీమా తోడైంది. "ఒకవేళ వచ్చినా స్టిక్కర్ టెస్టులొచ్చాయిగా, కత్తి కూడా అక్కర్లేదు, 99 శాతం కరెక్టట!" ఈ రెండు ధీమాలూ కలిస్తే మునిగేది మనమే అని నా వాదన.

ముందు ఆ టెస్టుకి వెయ్యాల్సిన మార్కులు వేసేద్దాం. కాలిఫోర్నియాలోని డెర్మ్‌టెక్ అనే కంపెనీ తెచ్చిన పద్ధతి ఇది. అనుమానంగా ఉన్న పుట్టుమచ్చ మీద జిగురు పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి అంటించి పీకుతారు. వాటితోపాటు చర్మం పైపొర కణాలు కొన్ని వచ్చేస్తాయి. ఆ కణాల్లోని ఆర్.ఎన్.ఏ. తీసి రెండు జన్యువుల జాడ వెతుకుతారు. ఒకటి లింక్ 00518, రెండోది ప్రేమ్ (పేరు చూసి మోసపోకండి :)). కోత లేదు, కుట్లు లేవు. 2020లో మెడికేర్ కూడా దీనికి డబ్బు కట్టడం మొదలుపెట్టింది. మంచి ఆలోచనే, కాదన్ను.

ఇప్పుడా 99 సంగతి చూద్దాం. 2017లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఈ టెస్టు అసలు మెలనోమాల్లో 91 శాతాన్ని పట్టుకుంది, మెలనోమా కానివాటిలో 69 శాతాన్ని సరిగ్గా వదిలేసింది. వెయ్యి మచ్చల్లో 70 మెలనోమాలు అనుకుందాం. టెస్టు 64 పట్టుకుంటుంది, 6 వదిలేస్తుంది. మిగిలిన 930లో 642 "ఫరవాలేదు" అంటుంది. అంటే "ఫరవాలేదు" అన్న 648లో 642 నిజం. అదీ మీ 99 శాతం! అసలు టెస్టే చెయ్యకుండా కళ్ళు మూసుకుని వెయ్యింటికీ "ఫరవాలేదు" అన్నా 93 శాతం రైటే అవుతుంది. 648 మందికి కత్తి తప్పింది, అది నిజమైన లాభం. కానీ 70 మందిలో ఆరుగురు ధీమాగా ఇంటికెళ్ళారు, అదీ నిజమే. పెద్దక్షరాల్లో వేసేది మొదటిది, చిన్నక్షరాల్లోకి పోయేది రెండోది.

ఇంతకన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. ఈ పట్టీ అరచేతుల మీదా, అరికాళ్ళ మీదా, గోళ్ళ మీదా వాడేది కాదు. మరి నల్లటి, చామనఛాయ చర్మం ఉన్నవాళ్ళకి మెలనోమా వస్తే ఎక్కువగా ఎక్కడ వస్తుందనుకున్నారు? సరిగ్గా అక్కడే! అరికాలు, అరచెయ్యి, గోటికింద. ఎండకీ దీనికీ పెద్దగా సంబంధం లేదు. బాబ్ మార్లేకి 1977లో బయటపడింది కాలి బొటనవేలి గోటికింద. 1981లో 36 ఏళ్ళకే పోయాడు.

"అమెరికాలో నల్లవాళ్ళకన్నా తెల్లవాళ్ళకి మెలనోమా 20 రెట్లకు పైగా ఎక్కువ కదా, కంపెనీ ఎవరికోసం చెయ్యాలి?" అంటారు. లెక్క నిజమే. కానీ వచ్చిన ఆ కొద్దిమందిలోనే అది ముదిరాక బయటపడటం ఎక్కువ, బతికేవాళ్ళు తక్కువ. అరుదని ఎవరూ వెతకరు, వెతకరు గనక ఆలస్యం. మా సాఫ్ట్‌వేర్‌లో "నా మెషీన్లో పనిచేస్తోంది" అనే జోకుంది. ఏ ఇన్‌పుట్‌తో టెస్టు చెయ్యలేదో దానిమీద టెస్టులన్నీ పాసయినట్టే ఉంటుంది మరి. చర్మం రంగుల్ని కొలిచే ఫిట్జ్‌పాట్రిక్ స్కేలే చూడండి. 1975లో పుట్టినప్పుడు అందులో ఉన్నవన్నీ తెల్ల చర్మాలే, మన రంగులు తర్వాత చేర్చారు. 2024 జనవరిలో కాంతితో పరీక్షించే డెర్మాసెన్సర్‌కి ఎఫ్.డి.ఏ. అనుమతిస్తూ, అన్ని జనాల మీదా ఇంకా పరీక్షించి చూపించమని షరతు పెట్టింది. షరతు మంచిదే, కానీ అమ్మకం ముందు, పరీక్ష తర్వాతానా? అదే ఏడాది జూన్లో డెర్మ్‌టెక్ దివాలా అంటూ కోర్టుకెక్కింది. మార్కెట్టే అన్నీ చూసుకుంటుందనేవాళ్ళు ఇదీ గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి ఇలాంటి టెస్టు ఏది వచ్చినా నేనడిగేది మూడే. ఎక్కడ పనిచెయ్యదో మొదటి పేజీలో రాయండి. ఎన్ని వదిలేస్తుందో 99 పక్కనే వెయ్యండి. మన చర్మం మీద కూడా అనుమతికి ముందే పరీక్షించండి.

అప్పటిదాకా మన పని మనం చేసుకోవాలి. డాక్టరు చర్మం చూస్తానంటే మేజోళ్ళు కూడా విప్పండి. ఊరినుంచి అమ్మానాన్నా వస్తే షుగరూ బీపీతో పాటు వాళ్ళ పాదాలూ చూడండి. గోటిమీద నల్లగీత మనవాళ్ళలో చాలామందికి ఉంటుంది, ఎక్కువశాతం ఏమీ కాదు. కానీ అది వెడల్పవుతున్నా, రంగు గోరు దాటి చర్మంలోకి పాకుతున్నా, అరికాలి మీద మచ్చ పెరుగుతున్నా చర్మం డాక్టరుకి చూపించాల్సిందే. ఆనెకాయలే అనుకుని బ్లేడుతో చెక్కుకుంటూ కూర్చోవద్దని చెప్పండి. అక్కడ బయాప్సీ అంటే కత్తికి భయపడొద్దు. ఆ చోట మనకి ఇంకా కత్తే దిక్కు.