రొమ్ములో కంతి: చూచుకొనుటయు, చూపించుకొనుటయు

క్యాన్సరునకు మన పెద్దలు వాడిన పేరు రాచపుండు. ఆ పేరు వ్యాధి తీవ్రతను చక్కగా తెలిపినదే గాని, స్త్రీలకు ఒక అపకారము కూడ చేసినది. పుండు అనగా పగిలి, రసి కారి, నొప్పి పెట్టునదని అందరును ఎరుగుదురు. రొమ్ము క్యాన్సరు సాధారణముగా అట్లు మొదలు కాదు. చిన్న కంతిగా, తరచుగా ఏ నొప్పియు లేకుండ మొదలగును. నొప్పి లేదు గనుక జబ్బు కాదని స్త్రీ ఊరకుండును. ఆ ఊరకుండిన కాలమే వ్యాధి పెరుగుటకు అదను.

2022లో భారతదేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా కలిగినట్లును, సుమారు 98,000 మంది దీనివలన మరణించినట్లును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా వేసినది. మన దేశమున స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో ఇదియే మొదటిది. వ్యాధి రొమ్మునందే యుండగా కనుగొన్నచో నయమగు అవకాశము మిక్కిలి హెచ్చు. ఎముకలకో, ఊపిరితిత్తులకో ప్రాకిన పిమ్మట అదుపుచేయుటయే గాని పూర్తిగా పోగొట్టుట అరుదు.

అండమాన్ నికోబార్ దీవులలో ఈ ఆలస్యమునకు మరియొక కారణము తోడగుచున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవులలో నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. వీరిలో పెక్కు కుటుంబములు శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములనుండి చేపలవేటకును, కూలిపనులకును వచ్చి స్థిరపడినవి. ఎన్ని తరములు గడచినను వీరికి ఊరనగా సముద్రమునకు ఆవలి ఊరే. పెండ్లియైనను పండుగయైనను ఊరికి పోయినపుడు చూచుకొందమనుట వాడుక. కంతి విషయమున కూడ ఇదే మాట వినబడును. అక్కడనైతే అమ్మ యుండును, వదిన తోడు వచ్చును, తెలిసిన డాక్టరు కలడు అని స్త్రీ తలచుట సహజమే. కాని విశాఖ సుమారు 1,200 కిలోమీటర్ల దూరము. ఓడ ప్రయాణము రెండు మూడు దినములు. ఓడలును ప్రతిదినము లేవు. సెలవు, టిక్కెట్టు, పిల్లల పరీక్షలు అన్నియు కుదురునప్పటికి నెలలు గడచిపోవును. కంతి మాత్రము ఓడకొరకు వేచియుండదు.

తన శరీరమును తాను చూచుకొనుటకు ఏ ఖర్చును లేదు. బహిష్టు ముగిసిన కొన్ని దినములకు రొమ్ములు మెత్తబడి యుండును గనుక అప్పుడు చూచుకొనుట మేలు. ముట్లుడిగిన వారు నెలకొక తేదీని నియమించుకొనవచ్చును. మొదట అద్దము ముందు చేతులు దించియు, పిదప పైకెత్తియు చూడవలెను. ఆకారమున క్రొత్త తేడా, చర్మముపై సొట్ట, నారింజ తొక్కవలె గరుకుదనము, చనుమొన క్రొత్తగా లోనికి పోవుట, దానిపై మానని పొక్కు, రక్తపు చెమ్మ, ఇవి గమనింపదగినవి. తరువాత వెల్లకిల పరుండి, భుజము క్రింద మడచిన బట్ట నుంచి, ఎదుటి చేతి మూడు నడిమి వ్రేళ్ల మెత్తని భాగముతో చిన్న చిన్న చుట్లుగా తడుముచు, మెడయెముకవరకును, చంకలోనికిని పోవలెను. బాలింత యైనచో పాలు గడ్డకట్టినవని ప్రతి గడ్డను సరిపెట్టుకొనరాదు. కొద్ది దినములలో కరగని గడ్డను చూపింపవలెను.

ఇట్లు చేతికి తగులు కంతులలో అధికభాగము క్యాన్సరు కావు. ఈ మాట భయమును పోగొట్టుటకే గాని, చూపించుకొనకుండుటకు కాదు. ఏ కంతి యెట్టిదో వ్రేలు చెప్పలేదు.

ఇచట ఒక నిజమును దాచరాదు. చైనాలోని షాంఘై నగరమున 1989-91 నడుమ నేతమిల్లులలోని 2,66,064 మంది స్త్రీలను రెండు భాగములుగా చేసి, ఒక భాగమునకు స్వయంపరీక్ష శ్రద్ధగా నేర్పిరి. 2002లో ప్రకటితమైన ఫలితములనుబట్టి చూడగా రెండు భాగములందును ఈ వ్యాధి మరణములు ఇంచుమించు సమానము. పైగా నేర్చినవారిలో హానిలేని కంతులకు కోతలు హెచ్చైనవి. కావున నెలనెల తడుముకొనుటయే రక్ష యని ప్రచారము చేయుట సరికాదు. అట్లని చూచుకొనుట వ్యర్థమనుటయు తొందరపాటే. తన రొమ్ము మామూలుగా ఎట్లుండునో ఎరిగిన స్త్రీ మార్పును త్వరగా గుర్తించును. ఆ గుర్తింపు వెంటనే నేర్పుగల చేతికి చేరినపుడే ఫలించును.

ఆ చేయి పెద్ద డాక్టరుదే కానక్కరలేదు. 1998లో ముంబాయిలో టాటా స్మారక వైద్యశాలవారు ప్రారంభించిన అధ్యయనమున, ప్రత్యేకముగా తరిఫీదు పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలే స్త్రీల రొమ్ములను రెండేండ్ల కొకసారి చేతితో పరీక్షించిరి. ఇరువది యేండ్ల పరిశీలనానంతరము 2021లో ఫలితములు వెలువడినవి. వ్యాధి మరింత తొలిదశలో బయటపడినది. 50 ఏండ్లు, ఆపైబడిన వారిలో మరణములు నూటికి సుమారు 30 వంతులు తగ్గినవి. అంతకు చిన్నవారిలో మరణముల తగ్గుదల కానరాలేదు. 30 ఏండ్లు దాటిన స్త్రీలకు ఇట్టి చేతిపరీక్ష జరుగవలెనని భారత ప్రభుత్వము 2016లో మార్గదర్శకములు వెలువరించినది. దీవులవంటి చోట యంత్రములకంటె ముందు కావలసినది ఇదే. కాగితముపై గుర్తు పెట్టుటతో పని తీరదు; తెర చాటున, తొందరలేకుండ, స్త్రీ భాషలో మాటాడుచు పరీక్షింపవలెను.

వైద్యశాలల బాధ్యతయు తక్కువ కాదు. డిగ్లిపూర్ నుండి రాజధానికి రహదారి 300 కిలోమీటర్లకు పైబడినది. అంత దూరము వచ్చిన స్త్రీని రేపు రమ్మనుట, ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క రోజు చెప్పుట ఆమెను ఇంటికి పంపివేయుటయే. మొదట చూపించుకొన్న నాటినుండి 60 దినములలోపల రోగనిర్ణయము పూర్తికావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యము. ఆ దినములలో కొన్నిటిని దీవులలో సముద్రమే తినివేయును. మిగిలినవానిని గుమాస్తా బల్లలు తినరాదు.

సూది గ్రుచ్చిన వ్యాధి ప్రాకునను భయము కొందరికి కలదు. అందుకు ఆధారము లేదు. సూదిపరీక్ష లేనిదే చికిత్స నిర్ణయింపరు. రొమ్మును తప్పక తీసివేయుదురను భయమును పూర్తిగా నిజము కాదు. 1970లలో ఇటలీలోను, అమెరికాలోను మొదలైన పరీక్షలవలన, తొలిదశలో కంతిని మాత్రము తొలగించి కిరణచికిత్స చేసినను ఆయువు తగ్గదని తేలినది. అయితే ఆ చికిత్సకు కొన్ని వారములు పట్టును గనుక ఎచ్చట బస, ఎవరు తోడు, ఇంట పిల్లలను ఎవరు చూతురు అను ప్రశ్నలు దీవుల స్త్రీకి వైద్యముతో సమానమైనవి. ఈ లెక్క భర్తయు, అత్తమామలును ముందుగా వేయవలసినది. ఆమె ఒక్కతెయే రాత్రులు మేలుకొని వేయవలసినది కాదు.

కంతి కనబడినచో ఊరి ప్రయాణముతో నిమిత్తము లేకుండ ఆ వారమే సమీప ఆరోగ్యకేంద్రమున చూపించుకొని, అచటి చీటితో 2024 వరకు పోర్ట్ బ్లెయిరనబడిన శ్రీ విజయపురములోని గోవింద్ వల్లభ్ పంత్ వైద్యశాలకు పోవలెను. పై చికిత్సకు చెన్నైకిగాని, విశాఖకుగాని, కలకత్తాకుగాని పోవలసివచ్చినచో సూదిపరీక్ష ఫలితమును, ఫిలిములను, మందుల చీటీలను ఒక్క సంచిలో భద్రముగా వెంట తీసికొనిపోవలెను. అవి లేనిచో అక్కడ మరల మొదటినుండి ప్రారంభింతురు.