పాలకి పంపిన ముగ్గురు

ఆవకాయ రోజులు వచ్చాయంటే మా యింట్లో నా విలువ సగానికి సగం పడిపోతుంది. కాయ ఎంచడం దగ్గర్నుంచి ఉప్పూ కారం కొలిచేదాకా అన్నీ మా ఆవిడ చేతిమీద జరగవలసిందే. నాకు మిగిలేవి రెండే పనులు. ఒకటి, తడిచేతులతో జాడీల చాయలకి రాకుండా వుండటం. రెండోది, డబ్బు లెక్క చూడటం. మొదటిది నేను బాగానే చేస్తానని ఆవిడే ఒప్పుకుంటుంది. రెండోదాన్ని గురించే యీ వారం చెప్పుకోవాలి.

మాది తెనాలి. ఆవిడ పెట్టే పచ్చళ్ళు మొదట్లో చుట్టాలకే వెళ్ళేవి. ఆ చుట్టాలు తమ చుట్టాలకి చెప్పారు. చివరికి ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఫోనుచేసి అడగటం మొదలుపెట్టారు. అప్పుడు మా మేనల్లుడు, హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసేవాడు, సెలవులకి వచ్చి, "మామయ్యా, ఇంటర్నెట్‌లో ఒక దుకాణం తెరిచేద్దాం" అన్నాడు. తెరిచేశాడు కూడా. కార్డుమీద డబ్బు పుచ్చుకొనేందుకు ఒకటి కాదు, రెండు పేమెంట్ గేట్‌వేలు కుదిర్చాడు.

"రెండెందుకురా?" అన్నాను.

"ఒకటి మొరాయిస్తే రెండోది వుంటుంది. ఎప్పుడు ఏ దారిన పంపాలో, పని జరక్కపోతే మళ్ళీ ఎప్పుడు ప్రయత్నించాలో నియమాలు వ్రాసిపెట్టాను. మీరేమీ పట్టించుకోనక్కరలేదు" అన్నాడు.

పట్టించుకోనక్కరలేదని చెప్పిన పనే చివరికి మనిషికి నిద్ర లేకుండా చేస్తుంది. ఈ సంగతి నాకు అరవై యేళ్ళకి తెలిసింది.

ఒకనాటి మధ్యాహ్నం, భోంచేసి నడుం వాల్చబోతుండగా ఫోను మోగింది. విజయనగరం నుంచి ఒక పెద్దావిడ. పంతులమ్మగా పనిచేసి రిటైరయిందట.

"బాబూ, రెండు కిలోల ఆవకాయ అడిగాను. 1,180 రూపాయలన్నారు. కట్టాను. కాలేదని చూపించింది. మళ్ళీ కట్టమంది, కట్టాను. మళ్ళీ కాలేదంది. మూడోసారీ కట్టాను. ఇప్పుడు చూసుకుంటే బ్యాంకులో మూడుసార్లూ తీసేశారు" అన్నది.

నేను లెక్క తెరిచి చూశాను. ఆవిడ పేరుమీద ఒక్క రూపాయి కూడా రాలేదు. ఉన్నమాటే చెప్పాలి గదా అని, "మాకేమీ రాలేదమ్మా" అన్నాను.

అవతలివైపు కాసేపు మాట లేదు. తరవాత మెల్లిగా, "ముప్ఫైయేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను బాబూ. మూడు పదకొండువందల ఎనభైలు మూడువేల అయిదువందల నలభై అవుతుంది. అబద్ధం చెప్పవలసిన అవసరం నాకు లేదు" అన్నది. నెలాఖరు రోజులు. అది పింఛను డబ్బు. వాళ్ళాయన మందులు అందులోంచే తేవాలట.

నేను అబద్ధమాడలేదు. ఆవిడా ఆడలేదు. ఐనా మా యిద్దరిలో ఒకరు దొంగ అయినట్టుంది ఆ మాట. ఆ రోజు నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా?

సాయంత్రానికి మేనల్లుణ్ణి ఫోనుమీద పట్టుకున్నాను. వాడు తన చిట్టాలన్నీ తిరగేసి, "మామయ్యా, ఆవిడ చెప్పింది నిజమే. మూడూ తీరుబడిగా యిప్పుడు 'అయింది' అని వచ్చాయి" అన్నాడు. తప్పు బ్యాంకుదీ కాదు, గేట్‌వేలదీ కాదు. తప్పంతా వాడు వ్రాసిన ఒక్క నియమంలో వుంది. అదేమిటంటే: "ముప్ఫై సెకన్లలో జవాబు రాకపోతే, కాలేదని చెప్పి రెండో దారిన పంపు."

ఇది అర్థం కావాలంటే కార్డు డబ్బు ప్రయాణం తెలియాలి. మీరు నంబరు కొట్టి మీట నొక్కగానే ఆ అడుగుడు మా గేట్‌వేకి వెళ్ళుతుంది. అక్కణ్ణుంచి మా తరఫున డబ్బు పుచ్చుకొనే బ్యాంకుకి, అక్కణ్ణుంచి వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి కార్డుసంస్థకి, అక్కణ్ణుంచి మీకు కార్డు యిచ్చిన బ్యాంకుకి. ఆ బ్యాంకు "సరే" అనో "వీల్లేదు" అనో చెబితే, ఆ మాట మళ్ళీ అదే దారిన వెనక్కి రావాలి. అంతా కొద్ది సెకన్ల పని. అందులో పోయే దారి ఎంత పొడుగో, వచ్చే దారీ అంతే పొడుగు. "సరే" అన్న మాట వచ్చే దారిలో చిక్కుకుంటే డబ్బు కదలటం నిజమే, మనకి తెలియకపోవటమూ నిజమే.

ఇదంతా మా మేనల్లుడు ఫోనులో చెబుతుంటే మా ఆవిడ ఆవపిండి జల్లిస్తూ వింటోంది. చెయ్యి ఆపి, "అమ్మాయి బారసాలనాడు మీరు చేసిన పనే యిది" అన్నది.

నాకు జ్ఞాపకం వచ్చింది. బారసాలనాడు పాలు చాలవని పక్కింటి కుర్రాణ్ణి పంపాను. వాడు పావుగంటకీ రాలేదు. మా తమ్ముణ్ణి యింకో కేంద్రానికి తరిమాను. వాడూ రాలేదు. మా బావమరిది సైకిలెక్కాడు. తరవాత అయిదు నిమిషాలలో ముగ్గురూ మూడు బిందెలతో దిగారు!

"పాలు గనక తోడుపెట్టుకున్నాం, ఇరుగూ పొరుగూ పంచుకున్నారు. ఆవిడ డబ్బుని ఏం తోడుపెడతారు? పంపినవాడు రాలేదంటే పని కాలేదనా అర్థం? మొదటివాడు ఎక్కడున్నాడో కనుక్కోకుండా రెండోవాణ్ణి పంపటమేమిటి?" అన్నది.

ఫోనులో మా వాడు చప్పున, "అత్తయ్యా, సరిగ్గా అదే!" అన్నాడు. పదిహేనేళ్ళ చదువుకి రాని వెలుగు వాడికి ఒక్క మాటతో వచ్చింది. అప్పుడు ముగ్గురం కూర్చుని నియమాలన్నీ మళ్ళీ వ్రాశాం. నిజానికి వాళ్ళిద్దరూ వ్రాశారు. నేను కాగితంమీద నంబర్లు వేశాను.

మొట్టమొదటి నియమం: "కాదు" వేరు, "తెలియదు" వేరు. జవాబు రాకపోతే రెండో గేట్‌వేకి పోకూడదు. ముందు మొదటి గేట్‌వేనే, "ఫలానా నంబరు చీటీ ఏమైంది?" అని అడగాలి. కాసేపాగి మళ్ళీ అడగాలి. తేలేదాకా ఆగాలి. ప్రతి అడుగుడుకీ ఒక చీటీ నంబరుంటుంది. అదే నంబరుతో రెండోసారి పంపితే మంచి గేట్‌వే, "ఇది పాత చీటీయే" అని గుర్తుపట్టి మళ్ళీ డబ్బు తియ్యదు. ఐతే ఆ గుర్తు ఆ యింటివరకే. ఒక గేట్‌వే యిచ్చిన చీటీ యింకో గేట్‌వేకి తెలియదు. అందుకే దారి మార్చటంలోనే అసలు ప్రమాదం వుంది.

రెండో నియమం: చెడిపోయింది దారా, చేరవలసిన యిల్లా అన్నది చూడాలి. గేట్‌వే మన అడుగుడుని పుచ్చుకోనే లేదనుకోండి, అప్పుడు డబ్బు కదిలే అవకాశమే లేదు గనక హాయిగా రెండో దారిన పోవచ్చు. కాని కార్డు యిచ్చిన బ్యాంకే పలకటం లేదనుకోండి, యే దారిన వెళ్ళినా చేరేది ఆ మూసిన తలుపు దగ్గరికే. పంతులమ్మగారి విషయంలో జరిగింది అదే. ఆ గంటలో ఆవిడ బ్యాంకు జవాబులు నత్తనడక నడిచాయి. మేము ఆవిణ్ణి ఒక్క గుమ్మానికే మూడు వీధులగుండా తిప్పాం.

మూడో నియమం: బ్యాంకు చెప్పిన కారణం చదవాలి. "వీల్లేదు" అన్నప్పుడు బ్యాంకు ఊరికే అనదు. ఒక అంకె కూడా పంపుతుంది. 51 అంటే ఖాతాలో డబ్బు చాలదు. 54 అంటే కార్డు గడువు తీరింది. 14 అంటే నంబరు తప్పు. 41, 43 అంటే పోయిన కార్డు, దొంగిలించిన కార్డు. 91 అంటే కార్డు యిచ్చిన బ్యాంకు యంత్రం పలకటం లేదు. 05 మాత్రం గడుసుది. ఒప్పుకోనంటుంది, ఎందుకో చెప్పదు. మా వాడు మొదట వీటన్నిటికీ ఒకే మందు వేశాడు: "మళ్ళీ ప్రయత్నించు." డబ్బు లేని ఖాతాని రెండో దారిన అడిగితే డబ్బు పుడుతుందా? ఇప్పుడు 51 వస్తే యింకో కార్డు వాడమంటాం. 54కీ, 14కీ వివరాలు సరిచూసుకోమంటాం. 41, 43 వస్తే అక్కడితో సరి, ఆ కార్డుని మళ్ళీ ముట్టం. 91 వస్తే కాస్సేపాగి రమ్మంటాం. 05 వస్తే మీ బ్యాంకుని కనుక్కోమంటాం. తెగ ప్రయత్నించే దుకాణాలకి కార్డుసంస్థలు అదనపు రుసుము కూడా వేస్తాయి.

నాలుగో నియమం దారి ఎంచుకోవటాన్ని గురించి. కార్డు నంబరులోని మొదటి అంకెలనుబట్టి అది ఏ బ్యాంకుదో తెలుస్తుంది. కొన్ని బ్యాంకుల కార్డులు ఒక గేట్‌వేలో సాఫీగా నడుస్తాయి, కొన్ని యింకోదానిలో. అది చూసి దారి నిర్ణయించవచ్చు. ఒక గేట్‌వే వరసగా తప్పుతుంటే దాన్ని కొంతసేపు పక్కనపెట్టి, ఒకటి రెండు చీటీలు పంపి కోలుకుందో లేదో చూడవచ్చు. ఇక్కడా మా వాడు తొందరపడ్డాడు. వరసగా రెండు కాకపోతే దారి మార్చమన్నాడు. రోజుకి ముప్ఫై చీటీలు లేని దుకాణంలో, ఇద్దరు తాతగార్లు గడువు తీరిన కార్డులు వాడితే చాలు, బంగారంలాంటి గేట్‌వే పక్కకి పోయేది! కార్డులో లోపాన్ని దారి లెక్కలో వెయ్యకూడదని యిప్పుడు కలిపాం.

అయిదో నియమం మా ఆవిడది. అది యంత్రానికి సంబంధించింది కాదు, మాటకి సంబంధించింది. మన దేశంలో 2009 ఆగస్టు నుంచి ఇంటర్నెట్‌లో కార్డు వాడితే నంబరు ఒక్కటే చాలదు, రెండో రుజువు కావాలని రిజర్వు బ్యాంకు నిబంధన. సాధారణంగా అది ఓటీపీ. అటువంటి రుజువు అడగని దేశాలలో దుకాణంవాడు కొనేవాడికి తెలియకుండానే వెనకనుంచి రెండోసారి ప్రయత్నించగలడు. మన దగ్గర సామాన్యంగా అలా కుదరదు. మళ్ళీ ప్రయత్నమంటే మళ్ళీ ఓటీపీ. అంటే మనం మళ్ళీ కట్టమంటే, ఆ మాట నమ్మి తన చేతులతో కడుతున్నది ఆ మనిషే. "మరి ఆ మాట ఎంత జాగ్రత్తగా అనాలి?" అన్నది మా ఆవిడ.

అంతకుముందు మా పేజీలో, "విఫలమైంది. మళ్ళీ ప్రయత్నించండి" అని వుండేది. ఇప్పుడు, జవాబు రానప్పుడు యిలా వుంటుంది: "మీ బ్యాంకునుంచి కబురు యింకా రాలేదు. డబ్బు పోయి వుండవచ్చు. దయచేసి మళ్ళీ కట్టకండి. తేలగానే మేమే తెలియజేస్తాం." రెండో గేట్‌వే కొన్నప్పటి గర్వం నాకు యిప్పుడు లేదు గాని, యీ నాలుగు వాక్యాలు చూస్తే వుంది.

మీ యిళ్ళలోనూ ఎవరికైనా యిలా జరగవచ్చు. పేజీ ఆగిపోతే వెంటనే మళ్ళీ కట్టకండి. ముందు బ్యాంకు ఖాతా చూసుకోండి. లావాదేవీ నంబరు వ్రాసిపెట్టుకోండి. ఖాతాలోంచి డబ్బు పోయి, దుకాణానికి ఆ కబురు చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక 5 రోజులలోగా ఆ డబ్బు తిరిగి జమ కావాలనీ, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం యివ్వాలనీ రిజర్వు బ్యాంకు 2019లో నిబంధన పెట్టింది. అడగటానికి మొహమాటపడకండి.

ఇక పంతులమ్మగారి మాట. ఆ రాత్రే మా వాడు రెండు మొత్తాలు, 2,360 రూపాయలు, కార్డుకే తిరిగి పంపే ఏర్పాటు చేశాడు. కాని ఆ డబ్బు ఖాతాలో పడటానికి కొన్ని రోజులు పడుతుందన్నాడు.

"మందులు కొన్ని రోజులు ఆగుతాయా?" అన్నది మా ఆవిడ. "మన చేతినుంచి యిప్పుడే పంపండి. అది వచ్చాక ఆవిడ యిస్తుంది."

"అత్తయ్యా, అప్పుడు ఆవిడకి రెండుసార్లు ముట్టినట్టవుతుంది. అసలు మనం మానుకోవాలని నియమం వ్రాసింది దీన్నే!" అన్నాడు మేనల్లుడు.

"అది యంత్రానికి వ్రాసిన నియమం" అన్నది.

పంపాను. పంపి, ఆవిడకి ఫోనుచేసి, "అమ్మా, మీరు చెప్పిందే నిజం. తప్పు మాది" అన్నాను. ఆ మాట ముందురోజే అనివుండవలసింది.

ఆరోనాడు నా ఫోను కిచకిచమన్నది. విజయనగరం నుంచి 2,360 రూపాయలు. వెనకనే ఆవిడ మాట్లాడింది: "బాబూ, బ్యాంకు డబ్బు పడింది. మీది మీకు పంపాను. ఒక్కసారే పంపాను, మీకు చేరిందో లేదో చెప్పండి. చెప్పేదాకా మళ్ళీ పంపను సుమా!"

చేరిందని చెప్పాను. ఆవకాయ బాగుందా అని అడిగాను. ఉప్పు ఒక చిటికెడు ఎక్కువైందట. ఆ మాట మాత్రం యింతవరకు మా ఆవిడకి చెప్పలేదు. జవాబు రాని విషయంలో తొందరపడకూడదన్నాను గాని, వచ్చిన ప్రతి జవాబూ చేరవెయ్యాలని ఏ నియమంలోనూ లేదు.