తొలుసూరు కాన్పుకు దవాఖాన ఎంచుకునేది ఎవలు?

మా ఇంట్ల ఇప్పుడు ఒక్కటే ముచ్చట. నా భార్యకు ఐదో నెల. తొలుసూరు కాన్పు. ఏ దవాఖానల చూపియ్యాలె? మా అమ్మ ఒకటంటది, అత్తమ్మ ఒకటంటది, ఊర్ల ఆర్ఎంపీ డాక్టర్ ఇంకోటంటడు. కనేటామెను మాత్రం ఎవలూ అడుగుతలేరు.

రెండేండ్ల కింద మా అక్క కాన్పుకు గూడ గిట్లనే అయింది. తొలి కాన్పు తల్లిగారింట్లనే కాబట్టి ఏడో నెలల మా ఇంటికొచ్చింది. ఆర్ఎంపీ ఫోన్ చేసి టౌన్ల ఒక ప్రైవేటు దవాఖానకు తోలిండు. 37 వారాలు దాటినయో లేదో, 'ఉమ్మనీరు తగ్గింది, ఆపరేషన్ చెయ్యాలె' అన్నరు. ఎంత తగ్గింది అని మేం అడగలే, వాళ్లు చెప్పలే. ఇంట్లోళ్లు అప్పటికే అయ్యగారి కాడ మంచి టైం రాయించుకొచ్చిండ్రు. బిడ్డకు దమ్ము సరిగ రాక నాలుగు రోజులు అద్దాల పెట్టెల పెట్టిండ్రు. దవాఖానోళ్లను తిట్టి నేను తప్పించుకోలేను. ఆ టైం చీటీ జేబుల పెట్టుకొని పోయింది నేనే.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడుండ్రి. తెలంగాణల 100 కాన్పులయితే దగ్గర దగ్గర 61 ఆపరేషన్లే. ప్రైవేటు దవాఖానలల్ల 81 దాటింది. సర్కార్ దవాఖానలల్ల గూడ 44 పైనే. దేశం మొత్తం మీద ఇది 21.5 శాతమే. మన ఆడబిడ్డలకే ఇన్ని కోతలు ఎందుకు పడుతున్నయి?

'ఆపరేషన్లతోనే కదా పానాలు నిలుస్తున్నయి' అని కొందరంటరు. నిజమే, అవసరమున్నప్పుడు ఆపరేషన్ పానం కాపాడుతది. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కిందికొచ్చి దారి మూసినా, బిడ్డ గుండె చప్పుడు పడిపోయినా కొయ్యాల్సిందే. అక్కడ 'మామూలు కాన్పే కావాలె' అని మొండికేసుడు తప్పు. కానీ కోతలు ఎక్కువైనంత మాత్రాన పానాలు ఎక్కువ నిలుస్తయనుకునుడు గూడ తప్పే. అదే సర్వేల కేరళల ఆపరేషన్లు 39 శాతం లోపే ఉండె. 2018-20 లెక్కల ప్రకారం అక్కడ లక్ష కాన్పులకు 19 మంది తల్లులు చనిపోతే, మన దగ్గర 43 మంది.

మరి ఎందుకు కోస్తున్నరు? పైసలొక్కటే కారణమంటే సగం నిజమే చెప్పినట్టు. తొలి కాన్పుల నొప్పులు గట్టిగ పట్టినంక గూడ 12 గంటల దాక పట్టొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థనే చెప్పింది. చిన్న టౌన్ దవాఖానల ఒక్క డాక్టరమ్మ ఉంటది. రాత్రంత పక్కన కూసుండేటోళ్లు లేరు. ఆపరేషన్ అయితే గంటల ముచ్చట అయిపోతది. ఏమన్న జరిగితే సుట్టాలొచ్చి అద్దాలు పలగ్గొడ్తరన్న భయం ఒకటి. మన మంచి టైం చీటీలు ఇంకొకటి. పేషెంటును తోలినందుకు కమీషన్ తీసుకునేటోళ్లు గూడ ఉన్నరని ఊర్లల్ల ఎవల్ని అడిగినా చెప్తరు.

అయితే సర్కార్ దవాఖానకు పోతే అంతా మంచిగుంటదా? పైసలు మిగులుతయి, కానీ నొప్పులతోటి అరిస్తే కసురుకునుడు, తిట్టుడు ఆడోళ్లు మర్చిపోరు. చానామంది అప్పు చేసి ప్రైవేటుకు ఉరికేది ఆ మాటలు పడలేకనే.

అసలు సంగతేందంటే, తొలి కాన్పు కాడనే తర్వాతి కాన్పులు గూడ తేలిపోతున్నయి. మొదటిది ఆపరేషన్ అయినా రెండోది మామూలుగ అయ్యే వీలు చానామందికి ఉంటది. కానీ దానికి రాత్రింబగళ్లు డాక్టర్, ఆపరేషన్ థియేటర్, రక్తం తయారుగ ఉండాలె. చిన్న దవాఖానలు ఆ బరువు ఎత్తుకోవు. మా అక్కకు డిశ్చార్జి రోజే చెప్పిండ్రు, 'రెండోది గూడ ఆపరేషనే' అని. కోత మీద కోత పడ్డ కొద్దీ మాయ అతుక్కునుడు అసుంటి ముప్పు పెరుగుతది.

అందుకే తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, ఐదో నెలలనే అడగాల్సినయి అడుగుండ్రి. ఇక్కడ తొలి కాన్పులల్ల ఎన్ని ఆపరేషన్లయితున్నయి? రాత్రి పూట డాక్టర్, మత్తు డాక్టర్ ఉంటరా? రక్తం ఎక్కడికెళ్లి వస్తది? నొప్పులప్పుడు మా మనిషిని ఒకర్ని పక్కన ఉండనిస్తరా? ఆపరేషన్ అన్నప్పుడు కారణం కాగితం మీద రాసిస్తరా? పానం మీదికొచ్చినప్పుడు బ్యారం చెయ్యొద్దు. కానీ తొందర లేదని వాళ్లే అన్నప్పుడు, 39 వారాల దాక ఆగొచ్చా అని అడుగుడు తప్పు కాదు. తల్లిగారింటికి పోయేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్ రిపోర్టులు వెంట పెట్టుండ్రి. అవి లేకనే కొత్త దవాఖానల మళ్ల మొదటికెళ్లి మొదలువెడ్తరు.

అడిగే బాధ్యత మన మీదనే వేసి సర్కార్ కూసుంటే గూడ కాదు. రేట్ల బోర్డు పెట్టాలని దవాఖానలకు రూలుంది. ఆ బోర్డు మీదనే నెలకు ఎన్ని కాన్పులు, ఎన్ని ఆపరేషన్లు అన్నది గూడ రాయించాలె. కాన్పు చేసుడుల 18 నెలల ట్రైనింగ్ ఇచ్చి నర్సులను మిడ్‌వైఫ్‌లుగ తయారు చెయ్యాలని 2018ల కేంద్రం గైడ్‌లైన్స్ ఇచ్చింది. అంతకు ముందే మన రాష్ట్రం ఆ పని షురూ చేసింది. నొప్పులప్పుడు పక్కన కూసుండి, ఈపు నిమిరి, ధైర్యం చెప్పి, తేడా వస్తే ఎంబడే డాక్టర్ను పిలిచే మనిషి ఆమెనే. ప్రతి ఏరియా దవాఖానల రాత్రి డ్యూటీకి అసుంటోళ్లు ఎంతమంది ఉన్నరు? ఓట్లకొచ్చినప్పుడు మనం అడగాల్సింది గిది.

నిన్న రాత్రి మొదటిసారి నా భార్యను అడిగిన, 'నువ్వేమంటవ్?' అని. జర సేపు సప్పుడు చెయ్యలే. 'ఎక్కడైనా సరే, నన్ను కసురుకోవద్దు. కోసే ముందుగాల ఎందుకో నాకు చెప్పాలె' అన్నది. ప్రతి నెల 9వ తారీకు సర్కార్ దవాఖానలల్ల గర్భిణులకు ఫ్రీగ చూస్తరు. ఈ నెల ఇద్దరం పోతున్నం. ఏం అడగాలెనో ఆమెనే నోట్‌బుక్కుల రాసుకుంటున్నది. ఈసారి నా జేబుల టైం చీటీ ఉండది.