కొరియా కషాయమూ, డాక్టరుకు చెప్పని మాటా

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని తెలుగునాట సామెత. కొరియా దేశంలో ఈ సామెత చెల్లలేదు. 1592లో మొదలైన జపాను దండయాత్రతో దేశం చితికిపోయి, ప్రజలు రోగాలతో అల్లాడుతున్న కాలంలో, 1596లో సోంజో రాజు తన ఆస్థాన వైద్యుడైన హో జున్‌ను పిలిచి సమగ్రమైన వైద్య గ్రంథాన్ని కూర్చమని ఆజ్ఞాపించాడు. 1610లో పూర్తయి 1613లో అచ్చయిన ఆ 25 సంపుటాల గ్రంథమే ‘దోంగుయి బోగమ్’. పండితులు చదివే చీనా లిపిలోనే గ్రంథం వ్రాసినా, ఆరు వందలకు పైగా మూలికలకు సామాన్యులు పిలుచుకునే పేర్లను కొరియా లిపిలో చేర్చడం హో జున్ దూరదృష్టికి తార్కాణం. పొలం గట్టున మొలిచిన మొక్కను పల్లెటూరి మనిషి తానే గుర్తుపట్టగలగాలన్నది అందులోని ఉద్దేశం. 2009లో యునెస్కో ఈ గ్రంథాన్ని ప్రపంచ స్మృతి చిహ్నాల పట్టికలో చేర్చింది.

ఆయుర్వేదంలోని వాత పిత్త కఫ ప్రకృతులు ఎరిగినవారికి, 1894లో లీ జే-మా ప్రతిపాదించిన ‘సాసాంగ్’ వైద్యం కొత్తగా తోచదు. మనుషులను నాలుగు ప్రకృతులుగా విభజించి, ఒకే జబ్బుకు ఒక్కొక్క ప్రకృతికి ఒక్కొక్క మందు నిర్ణయించే పద్ధతి అది. ఒకే మనిషిని ఇద్దరు వైద్యులు చూచి రెండు ప్రకృతులు చెప్పే అవకాశం ఇక్కడా ఉన్నది, అక్కడా ఉన్నది. ఈ చిక్కు తీరనంతవరకు శాస్త్రమని గట్టిగా వాదించడం కష్టమే.

కొరియా ప్రత్యేకత సిద్ధాంతంలో కంటె చట్టంలో ఉన్నది. జపాను పాలనలో దేశీయ వైద్యులను తక్కువ హోదాకు దిగజార్చారు. స్వాతంత్ర్యానంతరం, యుద్ధం మధ్యలోనే, 1951లో చేసిన వైద్య చట్టం వారికి పాశ్చాత్య వైద్యులతో పాటు గుర్తింపునిచ్చింది. ఆరేళ్ళ చదువు, ప్రభుత్వ పరీక్ష, లైసెన్సు తప్పనిసరి అయ్యాయి. 1987 నుండి సూది చికిత్సకు, కొన్ని మూలికా ఔషధాలకు ఆరోగ్య బీమా వర్తించింది. బామ్మ చెప్పిన చిట్కా స్థాయి నుండి దేశీయ వైద్యం జవాబుదారీ గల వృత్తిగా ఎదగడం మెచ్చుకోదగ్గ విషయం.

అయితే ఆ చట్టమే రెండు వైద్యాల మధ్య ఎత్తయిన గోడ కట్టింది. ఒకరి పరిధిలోకి మరొకరు రాకూడదు. 2020లో నెలసరి నొప్పి, ముఖ పక్షవాతం వంటి కొన్ని బాధలకు వాడే కషాయాలకు ప్రయోగాత్మకంగా బీమా ఇవ్వబోగా, ఆ ఏడు ఆగస్టులో సమ్మె చేసిన పాశ్చాత్య వైద్యులు తమ అభ్యంతరాలలో దీనిని కూడా చేర్చారు. మరొక ఉదంతం ఇంకా బాధాకరం. ఒక దేశీయ వైద్యుడు 2010 నుండి రెండేళ్ళకు పైగా ఒక రోగికి 68 సార్లు అల్ట్రాసౌండ్ పరీక్ష చేశాడు; ఆమె గర్భాశయ క్యాన్సరును పోల్చలేకపోయాడు. ఆ యంత్రాన్ని దేశీయ వైద్యుడు వాడడం నేరం కాదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు భావించింది. యంత్రం ఎవరి చేతిలో ఉండవచ్చునో తేలింది. ఆ రోగిని రెండో వైద్యుని వద్దకు పంపే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉన్నది. గోడకు ఇరువైపులా ఉన్న వైద్యులు మాట్లాడుకోనప్పుడు, ఇద్దరి మధ్యా కబురు మోయవలసినవాడు రోగి ఒక్కడే.

స్వదేశంలోనే ఇంత చిక్కయితే, అమెరికాకు వలస వెళ్ళిన కొరియా వృద్ధుల స్థితి ఊహించవచ్చు. లాస్ ఏంజెలెస్‌లోని కొరియాటౌన్ వంటి చోట్ల మాతృభాషలో పలుకరించి, నాడి చూచి, ఓపికగా వినే దేశీయ వైద్యుడు దొరుకుతాడు. కాచి వడపోసిన కషాయం చిన్న చిన్న ప్లాస్టిక్ సంచులలో నింపి ఇస్తాడు. అందులో ఏ మూలికలున్నవో సంచిని చూచి చెప్పలేము. ఆసుపత్రిలోని ఇంగ్లీషు డాక్టరు అడగడు, అడిగినా వృద్ధులకు చెప్పే భాష చాలదు, చెబితే మందలిస్తాడేమోనన్న జంకు సరేసరి. ఇది కొరియన్ల ఒక్కరి అలవాటు కాదు. 1993లో వెలువడిన ఐసెన్‌బర్గ్ పరిశోధన ప్రకారం, 1990లో అమెరికనులలో 34 శాతం మంది ఇటువంటి చికిత్సలు వాడారు. వారిలో 72 శాతం ఆ సంగతి తమ డాక్టరుకు చెప్పలేదు.

ఈ మౌనం అపాయకరం. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ‘దాంగ్వి’ కలిసిన మందు సేవిస్తే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. ఇదే పేరుతో కొరియాలో ఒక మొక్కను, చైనాలో వేరొక మొక్కను వాడడం మరొక తిరకాసు. అమెరికా జిన్సెంగ్ దీనికి విరుద్ధంగా వార్ఫరిన్ శక్తిని తగ్గిస్తుందని 2004లో ఒక ప్రయోగం తేల్చింది. కషాయాలలో తీపి కోసం, ఇతర గుణాల కోసం విరివిగా వేసే అతిమధురం మోతాదు మించితే రక్తపోటును పెంచి, పొటాషియంను తగ్గిస్తుంది. 1990ల తొలినాళ్ళలో బెల్జియంలో సన్నబడే మందులలో ఒక మూలికకు బదులు అరిస్టోలోకియా కలవడం వల్ల ఎందరో స్త్రీల మూత్రపిండాలు పాడైపోయాయి. మూలిక కనుక హాని చేయదన్న నమ్మకం వారినీ కాపాడలేదు.

కొరియన్ల సంగతి చదివి తలపంకించే తెలుగు కుటుంబాలు తమ సూట్‌కేసులను కూడా ఒకసారి తెరచి చూడాలి. స్వదేశం నుండి వచ్చే ప్రతి పెద్దవారి సామానులో చూర్ణమో, లేహ్యమో, భస్మమో ఉండనే ఉంటుంది. 2004లో వెలువడిన ఒక పరిశోధనలో, బోస్టన్ ప్రాంతపు దక్షిణాసియా దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షించగా 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లోహాలలో ఏదో ఒకటైనా బయటపడింది. అందువల్ల ఆయుర్వేదమంతా విషమనడం అన్యాయం. కొరియా కషాయమంతా బూటకమనడం వంటిదే అది. అయితే కొరియాలో కషాయమిచ్చిన వైద్యునికి లైసెన్సు ఉన్నది, అడిగేందుకు ఒక చట్టం ఉన్నది. అమెరికాలో 1994 చట్టం ప్రకారం మూలికా ఉత్పత్తులు ఆహార పూరకాలుగా చలామణి అవుతూ, గుణం చేస్తుందని రుజువు చూపకుండానే అంగడికెక్కుతున్నవి.

ఆసుపత్రిలో క్రొత్త రోగికి ఇచ్చే కాగితంలో వాడుతున్న ఇతర మందులేవని ఒక గడి ఉంటుంది. తల్లిదండ్రుల తరఫున దానిని నింపేది సాధారణంగా కొడుకో కోడలో. రాత్రి పాలలో కలుపుకొనే ఆ చూర్ణం పేరు వారికి తెలియదు. డబ్బాను వెంట తీసుకొని వెళ్ళినా సరిపోతుంది.