కేస్ షీటు ఎవరి చేతిలో?

కర్నూలు, కడప జిల్లాల పేజీలు తిరగేస్తే తరచూ ఒకే తీరు వార్త కంటపడుతుంది. కాన్పుకో, కడుపునొప్పికో ఆసుపత్రిలో చేరిన మనిషి ప్రాణం పోయింది. వైద్యుల నిర్లక్ష్యమే కారణమంటూ బంధువులు మృతదేహంతో గేటు ముందు బైఠాయించారు. పోలీసులు వచ్చి సర్దిచెప్పారు, ఆందోళన విరమించారు. వార్త అంతే. విరమణకు ముందు లోపలి గదిలో పెద్దమనుషులు, యాజమాన్యం కూర్చుని ఏదో ఒక మొత్తానికి ఒప్పుకున్న సంగతి అచ్చులోకి రాదు. ఆ డబ్బుతో దినవారాలు జరుగుతాయి, కొంత అప్పు తీరుతుంది. మనిషి ఎందుకు పోయాడన్నది మాత్రం తేలదు. డాక్టరు తప్పు చేశాడా, లేక ఎవరు చూసినా దక్కని ప్రాణమా? తప్పు లేని డాక్టరైతే ఆ మచ్చ ఊళ్లో అలాగే నిలిచిపోతుంది. తప్పున్న డాక్టరైతే రేపు ఇంకో రోగికీ అదే జరగవచ్చు.

ఈ పంచాయితీలను తప్పుపట్టడానికి మనసు ఒప్పదు. కోర్టు దారి తెలియనివాళ్లు, తెలిసినా అంత దూరం నడవలేనివాళ్లు గేటు దగ్గర కూర్చుంటారు. కాగితం మీద చూస్తే ఆ దారి మూసుకుపోయిందేమీ లేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995 నవంబరులో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019లో కొత్త చట్టం వచ్చినప్పుడు సేవల జాబితాలో ఆరోగ్యం అన్న మాట లేదు కాబట్టి డాక్టర్లు ఇక దాని పరిధిలో లేరన్న వాదన లేచింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్నీ తోసిపుచ్చింది. ఆసుపత్రికి కట్టిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల లోపయితే రుసుము లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు.

మన సీమకు ఆ చట్టంలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇంకొకటుంది. ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. పెద్ద జబ్బు వస్తే కర్నూలు వాళ్లం హైదరాబాదుకు పరుగెడతాం. కడప వాళ్లు తిరుపతికో, వేలూరుకో, బెంగళూరుకో పోతారు. పాత చట్టం ప్రకారం ఆసుపత్రి ఉన్న ఊళ్లోనో, వైద్యం జరిగిన చోటో కేసు వేయాలి. ఇప్పుడు వేలూరులో ఆపరేషన్ చేయించుకున్న జమ్మలమడుగు రైతు కడపలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఈ ఒక్క మాట ఎంతమంది చెవిన పడిందో చెప్పలేం.

ఫిర్యాదు ఇవ్వాలంటే చేతిలో ఏదైనా ఉండాలి కదా. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. ఏ పూట ఏ మందు ఇచ్చారు, ఎన్ని గంటలకు బీపీ పడిపోయింది, పెద్ద డాక్టరుకు ఎప్పుడు కబురు పెట్టారు, ఆయన ఎప్పుడు వచ్చారు అన్నవన్నీ కేస్ షీటులో ఉంటాయి. ఆ షీటు ఆసుపత్రి బీరువాలో ఉంటుంది. రోగి చేతికి వచ్చేది డిశ్చార్జి సమ్మరీ ఒకటి, మందుల చీటీలు నాలుగు, అవీ ఇంగ్లిషులో. నేరం మోపేవాడే నిరూపించుకోవాలని న్యాయం అంటుంది. నిరూపించుకోవడానికి కావలసినదంతా ఎదుటివాడి దగ్గరుంటుంది. మనిషి పోయాక బిల్లు కట్టి, అంబులెన్సు మాట్లాడుకునే ఆ గంటలో కేస్ షీటు నకలు అడగాలన్న ఆలోచన ఏ ఇంటివాళ్లకు వస్తుంది? పెద్దకర్మ అయ్యాక చదువుకున్న మేనల్లుడెవరో వచ్చి అడిగితే, రేపు రండి, సారు లేరు, రికార్డు రూము తాళం లేదు అన్న జవాబులు మొదలవుతాయి.

దీనికి నియమం లేక కాదు. 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను 3 ఏళ్లు భద్రపరచాలి, రోగి గాని అతని తరఫు మనిషి గాని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆసుపత్రి గోడల మీద స్కానింగు ధరలు ఉంటాయి, ఏ కార్డులు చెల్లుతాయో ఉంటుంది. ఈ 72 గంటల మాట కూడా అదే గోడ మీద, తెలుగులో ఉండాలి.

ఊళ్లో మొదట చూసిన ఆర్‌ఎంపీ దగ్గరైతే కాగితమే ఉండదు. సూది వేశాడు, సెలైన్ ఎక్కించాడు, రెండు రోజులు చూశాడు. ఆ తర్వాత ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో నర్సింగ్ హోము. అక్కడ చేయిదాటిపోతోందనగానే రాత్రికి రాత్రి కర్నూలు పెద్దాసుపత్రికి. ఇన్ని చేతులు మారిన ప్రాణం ఎవరి చేతిలో జారిపోయిందో ఎలా చెప్పడం? తన శాస్త్రం కాని మందులు ఇచ్చిన వైద్యుడిది దానంతటదే నిర్లక్ష్యమని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఆ తీర్పు మన పల్లెకు అక్కరకు రావాలంటే ముందు సూది వేసినట్టు ఆధారం కావాలి.

పోస్టుమార్టం సంగతి ఇంకా బరువైనది. అనుమానం ఉంటే దహనానికో ఖననానికో ముందే పోలీసులకు చెప్పాలి, శవపరీక్షకు ఒప్పుకోవాలి. పోయినవాళ్లను కోయించడానికి మన ఇళ్లలో ఎవరూ ఇష్టపడరు. బాలింత అయితే ఇక చెప్పనక్కర్లేదు. ఆ మమకారాన్ని తప్పనలేం. కానీ ఏళ్ల తర్వాత కమిషన్ ముందు మరణానికి కారణం ఏమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు చూపడానికి ఏమీ మిగలదు. ఆ ఘడియలో ఇంటివాళ్ల పక్కన కూర్చుని, ఒత్తిడి పెట్టకుండా, ఒప్పుకుంటే ఏమవుతుంది ఒప్పుకోకపోతే ఏమవుతుంది అని మెల్లగా చెప్పే మనిషి మన వ్యవస్థలో ఎక్కడా లేడు.

కాగితాలు దొరికాయే అనుకుందాం. వాటిని చదివి, ఇక్కడ పొరపాటు జరిగిందని చెప్పే డాక్టరు కావాలి. 1957లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీ, ఆ తర్వాత తిరుపతి, కడప కాలేజీలు ఈ ప్రాంతానికి తరాల డాక్టర్లను ఇచ్చాయి. ఒకరి క్లాస్‌మేట్ ఇంకొకరికి గురువు, మరొకరికి వియ్యంకుడు. అందులో చెడ్డ ఏమీ లేదు. ఆ పరిచయాల వల్లే అర్ధరాత్రి ఒక ఫోనుతో రోగికి బెడ్డు దొరుకుతుంది కూడా. అయితే తోటివారి మీద సంతకం చేసి అభిప్రాయం ఇమ్మంటే ఎవరి చెయ్యి ముందుకు వస్తుంది?

ఈ అడ్డంకిని కొంత తగ్గించిన తీర్పు మన తెలుగు నేల మీది కేసులోనే వచ్చింది. 2002 జులైలో హైదరాబాదులో ఒకాయన భార్యను చలిజ్వరంతో ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. ఆయన ప్రభుత్వ మలేరియా విభాగంలో అధికారి. అక్కడ టైఫాయిడ్ పరీక్షలో లేదని వచ్చినా టైఫాయిడ్ మందులే వాడారు. నాలుగు రోజులకు పరిస్థితి విషమించి మరో ఆసుపత్రికి మార్చారు, అక్కడ రక్తంలో మలేరియా క్రిమి కనబడింది, అప్పటికే ఆలస్యమైంది. జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా కమిషన్) 2 లక్షల పరిహారం ఇమ్మంది. నిపుణుడి సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ దాన్నే సమర్థించింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టి, ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని చెప్పింది. అది వి. కిషన్‌రావు కేసుగా చట్టం పుస్తకాల్లో ఉంది. మలేరియా గురించి తెలిసిన ఉద్యోగికే, 2 లక్షల కోసం, నాలుగు మెట్లు ఎక్కాల్సివచ్చిందన్నది మనం మరవకూడదు. విషయం సూటిగా ఉన్న చోటే ఆ వెసులుబాటు. మత్తుమందు మోతాదు, గుండె ఆపరేషన్ లాంటి చోట్ల నిపుణుడు కావలసిందే.

కాలం సంగతి చెప్పాలంటే ప్రశాంత్ ధనంక కేసు చాలు. 1990లో ఇరవయ్యేళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి ఛాతీలో గడ్డ ఉందని నిమ్స్‌లో చేరాడు. పరీక్ష కోసం ముక్క తీస్తామన్నారు, గడ్డనే తీసేశారు. అది వెన్నెముకను ఆనుకుని ఉన్నా ఆపరేషన్‌లో న్యూరోసర్జన్ లేరు. నడుం కింది భాగం చచ్చుబడిపోయింది. 1999లో జాతీయ కమిషన్ 15.5 లక్షలు ఇమ్మంటే ఇరుపక్షాలూ సుప్రీంకోర్టుకు పోయాయి. అక్కడ తన కేసు తానే వాదించుకున్నాడు. 2009 మేలో కోటి రూపాయలు ఇవ్వాలని తీర్పు వచ్చింది. అంటే 19 ఏళ్లు. చదువు, ఉద్యోగం, మొండి పట్టుదల ఉన్న మనిషికి అంత కాలం పట్టింది.

మన కోసిగి, మంత్రాలయం వైపు సగం ఊరు పంట చేతికి రాని ఏడాది సుగ్గికి, అంటే వలస కూలికి, పోతుంది. గుంటూరు మిరపచేలల్లో కూలికి ఉన్న మనిషి వాయిదాకు కర్నూలు రావాలంటే రెండు రోజుల కూలి, బస్సు చార్జీలు పోతాయి. ఎదుటివాళ్లు అప్పీలుకు వెళ్తే విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. అసలు ఫిర్యాదుకే రెండేళ్ల గడువు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా కారణం బలంగా చూపాలి. గోవాలో పనిచేసే ఒక నర్సుకు 1993లో పిత్తాశయం ఆపరేషన్ చేసి కడుపులో గాజుగుడ్డ వదిలేశారు. 2002లో మళ్లీ ఆపరేషన్ చేస్తే అది బయటపడింది. 2004లో ఫిర్యాదు చేసింది. నర్సువై ఉండి నొప్పితో తొమ్మిదేళ్లు ఎందుకు ఊరకున్నావని, గడువు మీరిందని సుప్రీంకోర్టు 2010లో ఫిర్యాదును కొట్టేసింది. నొప్పిని భరించడం మన ఆడవాళ్లకు అలవాటు చేసిందెవరని ఆ తీర్పును అడగాలనిపిస్తుంది.

ఇదంతా డబ్బు కట్టిన రోగి కథ. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో పైసా కట్టకుండా వైద్యం పొందేవాళ్లు ఈ చట్టం కింద వినియోగదారులే కారు. అందరికీ ఉచితంగా చేసే సేవను శాంత తీర్పే పక్కన పెట్టింది. ప్రైవేటు ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఆపరేషన్ అయితే ప్రభుత్వం తరఫున డబ్బు అందుతుంది కాబట్టి వాదించుకోవడానికి చోటుంది. పెద్దాసుపత్రి రోగికి సివిల్ దావానో, అమరావతిలో హైకోర్టో దిక్కు. ఔరంగాబాదు ప్రభుత్వాసుపత్రిలో 1963లో కాన్పుకు వచ్చిన ఒక తల్లి కడుపులో తువ్వాలు మరిచి, ఆమె ప్రాణం తీసిన కేసులో ప్రభుత్వమే బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు చెప్పింది 1996లో. కోర్టు గడప ఎక్కనక్కర్లేని దారీ ఒకటుంది. న్యూజీలాండ్ 1974 నుంచి తప్పెవరిదన్న కోర్టు గొడవ లేకుండానే ప్రమాదాల బాధితులకు సాయం చేసే ఏర్పాటు నడుపుతోంది. వైద్యంలో జరిగే హానికీ అది వర్తిస్తుంది. మనకు అంత డబ్బు లేదనవచ్చు. ఏమీ లేనివాడికే చట్టం అందరికన్నా దూరంలో ఉండటం మాత్రం డబ్బుతో ముడిపడ్డ సంగతి కాదు.

డాక్టర్ల భయమూ నిజమే. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో కాన్పులో తల్లి చనిపోతే డాక్టరు మీద హత్య కేసు పెట్టారు. ఆ డాక్టరమ్మ ప్రాణం తీసుకుంది. ఘోరమైన నిర్లక్ష్యం ఉంటేనే క్రిమినల్ కేసు, అదీ మరో డాక్టరు అభిప్రాయం తీసుకున్నాకే అని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో కోర్టు గీసిన గీత సరైనదే. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా నిర్లక్ష్యంతో మరణానికి మామూలుగా 5 ఏళ్ల దాకా శిక్ష పెట్టి, రిజిస్టర్డ్ డాక్టరుకు 2 ఏళ్లకే పరిమితం చేసింది. ఈ రక్షణ ఉండాలి, లేకపోతే తాలూకా ఊళ్లో ఏ డాక్టరూ కష్టమైన కాన్పు ముట్టుకోడు. కానీ డాక్టరుకు అన్ని గడపల్లో రక్షణ ఆలోచించిన చట్టం, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ తీర్పు మీద జాతీయ స్థాయికి అప్పీలు చేసుకునే వీలు ఇచ్చేటప్పుడు డాక్టరు పేరే రాసింది, రోగి పేరు రాయలేదు. 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో ఆ ఒక్క వాక్యం మారాలి.

చట్టం మారేలోగా ఇక్కడే చేసుకోగలిగింది ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలకు పారా లీగల్ వాలంటీర్లు ఉన్నారు. వాళ్లలో ఒకరిని పెద్దాసుపత్రిలో, ఒకరిని రిమ్స్‌లో కూర్చోబెట్టవచ్చు. కర్నూలు కేసును అనంతపురం డాక్టర్లు, కడప కేసును తిరుపతి డాక్టర్లు చూసేలా, ఇన్ని రోజుల్లో అభిప్రాయం ఇవ్వాలన్న గడువుతో ఒక బోర్డును వైద్యవిద్య శాఖ నియమించవచ్చు. ఆ వాలంటీరు మొదటి పని మాత్రం కేస్ షీటు నకలు కోసం దరఖాస్తు రాసిపెట్టడం. రోగి పేరు, ఇన్‌పేషెంటు (ఐపీ) నంబరు, చేరిన తేదీ, అడుగుతున్నవారి సంతకం, తీసుకున్నట్టు ఆసుపత్రి ముద్ర. ఒక పేజీ కూడా నిండదు.